మిస్ ఈనిడ్ ఐదేళ్ళ లెక్క

మా అమ్మ ఒకసారి వాడిన టీ పొట్లాన్ని సాసర్లో ఆరబెట్టి మళ్ళీ వాడే మనిషి. చర్చిలో చందా పళ్ళెం ముందుకొస్తే డాలరు నోటు కంటే పెద్దది వెయ్యగా నేనెప్పుడూ చూడలేదు. అలాంటి మనిషి ఐదేళ్ళలో రెండు లక్షల ఎనభై మూడు వేల డాలర్లు ఎవరెవరికో ఊరికే పంచిపెట్టిందని మెడికెయిడ్ ఆఫీసులో మిసెస్ క్వింటానా అన్నప్పుడు నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"నవ్వులాట కాదమ్మా ఇది. చూడు" అంటూ అమ్మ బ్యాంకు స్టేట్‌మెంట్లు నా వైపు తిప్పింది. ప్రతి నెలా ఒక శుక్రవారం నాలుగువేల ఎనిమిది వందలు నగదు జమ. ఆ మర్నాడే అంతా నగదుగా బయటికి. ఐదేళ్ళ పొడుగునా అదే వరస. "ఇళ్ళు తుడిచి, పిల్లల్ని చూసుకుని రిటైరైన మనిషికి నెలనెలా ఇంత డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరి చేతికి పోయింది? కాగితం చూపిస్తే సరే. లేదంటే ఊరికే ఇచ్చేసినట్టే లెక్క. ఊరికే ఇచ్చేసినదానికి సరిపడా నెలలు మీ అమ్మ ఉన్న హోమ్ ఖర్చు మేం పెట్టం."

"ఎన్ని నెలలు?"

"ఇరవైకి కాస్త అటూ ఇటూ."

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

డిసెంబరులో అమ్మకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట నెమ్మదించింది కానీ మిగిలింది. ఒక వైపు నుంచి మరో వైపుకి తిప్పడానికే ఇద్దరు మనుషులు కావాలి. నేను యుటికా అవెన్యూ మీద సిటీ బస్సు నడుపుతాను. ఇంకా తెల్లవారకుండానే డిపోలో ఉండాలి. మా ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. అందుకని మంచం పట్టిన పెద్దవాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్చాను. అక్కడ నెల ఖర్చు నా మూడు నెలల జీతం. ఈ దేశంలో మాలాంటివాళ్ళకి ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలంటే మెడికెయిడ్ రావాలి. మెడికెయిడ్ రావాలంటే ఐదేళ్ళ లెక్క పైసాతో సహా చూపించాలి. నెలాఖరు దాకా గడువు.

ఆ అంకె చూడగానే సంగతి నాకు అర్థమైంది. నాలుగు వందల చొప్పున పన్నెండు మంది. చీటీ! మా గ్రెనడా దీవిలో సూసూ అంటాం. ఈ దేశం వచ్చి ఫ్లాట్‌బుష్ పేటలో దిగిన కొత్తలో, బ్యాంకువాళ్ళు మమ్మల్ని గుమ్మంలోంచే తిప్పి పంపే రోజుల్లో మొదలుపెట్టింది మా అమ్మ. పాటా లేదు, వడ్డీ లేదు. నెలకొకరు వంతు ఎత్తుకుంటారు. తను మాత్రం చీటీ వెయ్యదు. వంతు ఎత్తుకున్నవాళ్ళు సంతోషించి ఏదైనా చేతిలో పెడితే తీసుకుంటుంది, లేకపోతే లేదు. మిస్ ఈనిడ్ దగ్గర (మా అమ్మని పేటంతా అలాగే పిలుస్తుంది) నలభై ఏళ్ళలో ఒక్క వంతు ఆగలేదని పేరు.

"అది చీటీ అండీ" అన్నాను మిసెస్ క్వింటానాతో.

"చీటీ అంటే నాకు తెలీదనుకున్నావా? మా అత్తగారు రెండు వేసేది. నేను నమ్ముతున్నాను తల్లీ. కానీ ఈ ఫైలు నమ్మదు. దానికి సంతకాలు కావాలి. డబ్బు కట్టి, వంతు ఎత్తుకున్న ప్రతి మనిషీ నోటరీ ముందు సంతకం పెట్టాలి. తీసుకురా."

అసలు ఆ డబ్బు బ్యాంకు మొహం చూడాల్సింది కాదు. ముప్పై ఏళ్ళకి పైగా అది వంటింట్లో బిస్కెట్ల డబ్బాలో పడుకుంది. పక్కింట్లో దొంగలు పడ్డాక, ఒకరి సొమ్ము తన దగ్గర పోతే ఎలాగని అమ్మే పట్టుకెళ్ళి బ్యాంకులో వేసింది. డబ్బాలోనే ఉండి ఉంటే ఏ ఆఫీసుకీ దాని వాసన తగిలేది కాదు. జాగ్రత్తపడినందుకు దొరికిపోయింది, చూడండి.

మేరీలాండ్‌లో ఉన్న మా అన్నయ్య లెస్టర్‌కి ఫోన్ చేసి చెప్పాను. కష్టం చెప్పుకోవడానికి పనికొచ్చే మనిషి కాదు, అయినా చెప్పాలి కదా.

"చూశావా వెర్లిన్, నేనెప్పణ్ణించో అంటూనే ఉన్నా. అమ్మ చేతికి ఎముక లేదు. ఊళ్ళోవాళ్ళంతా తినేశారు!"

"ఎవరి చేతికి లేదూ? నీ యాభయ్యో పుట్టినరోజుకి రెండు జతల సాక్సులు పంపిన చేతికేనా?"

"ఇంక ఆ ఖాతాలోంచి ఒక్క డాలరు కూడా కదపకు. వాళ్ళు చూస్తూ ఉంటారు" అన్నాడు. ఆ మాట నిజమే. మా అన్నయ్య నోట నిజం రావడం అరుదు కాబట్టి గుర్తుపెట్టుకున్నాను.

హోమ్‌కి వెళ్ళేసరికి అమ్మ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం పెట్టిన జెల్లీని శత్రువుని చూసినట్టు చూస్తోంది. విషయమంతా చెప్పాను. పేర్లు చెప్పమన్నాను. పెన్ను కూడా తీశాను.

"ఏ పేర్లే?" అంది.

"చీటీ వేసినవాళ్ళవమ్మా. పన్నెండు మంది."

"చీటీ ఏంటి?"

"అమ్మా!"

"అరవకు. నాకు కాలూ చెయ్యీ పోయాయి గానీ చెవులు పోలేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. ఇప్పుడు ఒక్కో మాటనీ మెట్టెక్కినట్టు ఎక్కి అనాలి. "మొగుడికి తెలీకుండా వేసేవాళ్ళున్నారు. పెళ్ళానికి తెలీకుండా వేసేవాళ్ళున్నారు. ఈ దేశం కాగితాలు లేనివాళ్ళున్నారు. ఒకళ్ళకొకళ్ళు తెలీదు. ఎవరు తీసుకొస్తే వచ్చారో వాళ్ళని ఎరుగుదురు, అంతే. అందరూ తెలిసింది నా ఒక్కదానికే. అందుకే వేస్తారు. నేను నోరు విప్పాక ఇంక నా దగ్గర వెయ్యడం దేనికి, బ్యాంకులోనే వేసుకోవచ్చుగా?"

"నువ్వు నోరు విప్పకపోతే ఈ మంచం ఉండదు. ఇరవై నెలలమ్మా! నేనెక్కణ్ణించి తేను?"

"వీధిలో పడెయ్యమను. పేర్లు చెప్పను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. నా పరిస్థితి ఆమెకి పట్టడం లేదనిపించింది. పట్టింది, అది తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం కుర్చీలోంచి లేచి కోటు తొడుక్కున్నాను.

"కూర్చో. అసలు సంగతి చెప్పలా" అంది అమ్మ. "ఈ చుట్టులో ఆఖరి వంతు ఇంకా ఇవ్వలేదు. శుక్రవారం బ్యాంకులో వేశా. శనివారం పొద్దున్న పడిపోయా. ఆ డబ్బు ఇంకా అక్కడే ఉంది. నాది కాదు అది. తీసుకురా."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. "అమ్మా, ఆఫీసువాళ్ళు ఖాతా మీద కన్నేసి ఉన్నారు. ఇప్పుడు తీస్తే ఇంకో దానం కింద రాస్తారు. ఆ మనిషిని రెండు నెలలు ఆగమను."

"ఆగుతుంది. అడగను కూడా అడగదు. అడగనివాళ్ళది ఆపడం ఏం మర్యాదే?"

మర్నాడు బస్సు నడుపుతున్నంతసేపూ అదే ఆలోచన. ఖాతాలో నా పేరు కూడా ఉంది. తియ్యాలంటే తియ్యగలను. తియ్యడమంటే కొరివితో తల గోక్కోవడమే. బస్సులో ఒక్కోసారి మనిషి ఎక్కి, టిక్కెట్టు డబ్బులు తక్కువున్నాయని నా మొహం కేసి చూస్తాడు. ఎక్కమంటాను. ఒకళ్ళిద్దరు ఎన్నాళ్ళకో మళ్ళీ ఎక్కినప్పుడు, నేనేమీ అనకుండానే రెండు టిక్కెట్ల డబ్బులు వేస్తారు. అందరూ వెయ్యరు. కానీ అమ్మ నలభై ఏళ్ళుగా ఆ వేసేవాళ్ళనే ఏరుకుంది. వాళ్ళలో ఒకరిని ఇప్పుడు నా భయం కోసం ముంచితే ఇంక అమ్మ అమ్మ కాదు, ఆ మంచం దక్కినా నాకు ఒకటే దక్కకపోయినా ఒకటే అనిపించింది. డ్యూటీ దిగి, బ్యాంకుకి వెళ్ళి నాలుగువేల ఎనిమిది వందలు తీశాను. లెస్టర్‌కి చెప్పలేదు. వాడికి బీపీ.

కవరు అమ్మ దిండు కింద పెట్టాను. సాయంత్రం నాలుగవుతుండగా "బయట నిలబడు" అంది. నిలబడ్డాను. అమ్మ కబురు ఎలా పంపిందో గానీ, ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే ఆయాలు వేసుకునే లేత నీలం యూనిఫాంలో ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. బూట్లకి మంచు. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. బయటికొచ్చినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా వైపు చూడకుండా, గోడవారనే నడిచి వెళ్ళిపోయింది. నేనూ తల తిప్పుకున్నాను.

లోపలికి వెళితే అమ్మ మొహం పక్షవాతం రాకముందు ఎలా ఉండేదో అలా ఉంది.

"చుట్టు పూర్తయింది" అంది. "ఆ జెల్లీ ఇలా తే."

శనివారం పొద్దున్న అమ్మ ఇంట్లో ఉన్నాను. ఆఫీసువాళ్ళు అడిగే మిగతా కాగితాలు వెతకాలి: పింఛను కాగితం, పుట్టిన సర్టిఫికెట్టు, శ్మశానంలో కొనుక్కున్న ఆరడుగుల చోటు రసీదు. సొరుగులన్నీ లాగి నేలంతా పరిచాను. చీటీ సంగతికి మాత్రం ఒక్క చిత్తుకాగితం లేదు. అంతా అమ్మ తలలోనే. అప్పుడు బెల్లు మోగింది.

చర్చ్ అవెన్యూలో రొట్టెల దుకాణం ఓడెట్. చంకలో వేడి కొబ్బరిరొట్టె, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని మా పేటంతా ఎరుగును.

"దానమా?" అంది గుమ్మంలోనే, పలకరింపు కూడా లేకుండా. "నా రెక్కలు ముక్కలు చేసుకుని నెలనెలా కట్టుకున్న డబ్బు నేను తెచ్చుకుంటే, అది మిస్ ఈనిడ్ నాకు దానం చేసినట్టా? ఎవడే ఆ మాటన్నది? పద చూపించు!"

"నీకెవరు చెప్పారు ఓడెట్?"

"ఎవరో చెప్పారు. ఎవరైతే నీకేం? సగం ఒళ్ళు చచ్చిపోయినా మీ అమ్మ ఆఖరి వంతు ఇచ్చేసిందట. ఇస్తూ ఆ పిల్లతో ఒక్క ముక్క అందట, 'ఇదంతా నేను దానం చేశానంటున్నారే' అని. ఆ పిల్ల తనని తీసుకొచ్చినామెకి చెప్పింది, ఆమె తనని తీసుకొచ్చినామెకి, అలా నా దాకా. నేను తీసుకొచ్చినవాళ్ళకి నేను చెప్పే వచ్చా."

నేను అక్కడే కాగితాల మధ్య కూలబడ్డాను. పేర్లు చెప్పనని కూర్చున్న మా అమ్మ, ఎవరికి ఏం చెబితే ఎక్కడిదాకా వెళుతుందో లెక్క వేసుకునే ఆ ముక్క అంది. బయట నిలబడు అన్నది కూడా అందుకే. ఎంత గడుసుది!

ఓడెట్ సంచిలోంచి తన దుకాణం పొయ్యి రసీదు తీసింది. మూడేళ్ళ నాటిది, నాలుగువేల ఏడు వందలు, అమ్మ ఖాతాలోంచి డబ్బు తీసిన శనివారమే కొన్నది. "నా ఐదు వంతుల కాగితాలూ ఈ సంచిలో ఉన్నాయి. సంతకం ఎక్కడ?"

ఇంక బెల్లు ఆగలేదు. సండే స్కూలు పిల్లలకి పాఠం చెప్పే మిస్ క్లోటిల్డా వచ్చింది, మనవరాలి కాలేజీ ఫీజు కాగితాలతో. నల్లకోటు మనిషి ఒకాయన వచ్చి, ఎవరూ అడగకపోయినా, తన పళ్ళు కట్టించుకున్న బిల్లు బల్ల మీద పెట్టి, పళ్ళు కూడా చూపించాడు. పదేళ్ళుగా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఆడవాళ్ళు మెట్ల మీద ఎదురుపడి, "నువ్వూనా?" "నువ్వూనా?" అనుకుంటూ ఒకరినొకరు పట్టుకుని పైకొచ్చారు.

అప్పుడొచ్చింది మెర్లీన్, జుట్టు కత్తిరించే దుకాణం ఆవిడ. తలుపు గట్టిగా వేసి, గొంతు తగ్గించి, "మా ఆయనకి తెలియనివ్వకండమ్మా, మీకు పుణ్యముంటుంది. నాకు బేరాలు తగ్గాయని చెప్పి ఎనిమిదేళ్ళుగా పక్కకి వేస్తున్నా" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంటుండగా మళ్ళీ బెల్లు. తలుపు తీస్తే వాళ్ళాయన ఆల్బన్. టోపీ చేతిలో పట్టుకుని, "ఒక్క మాట మిస్ వెర్లిన్, మా ఆవిడ చెవిన పడకూడదు సుమా..." అంటూనే నా భుజం మీంచి లోపలికి చూశాడు.

మెర్లీన్ కుర్చీలోంచి లేచింది.

"నువ్విక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు ఆల్బన్.

"నువ్వేం చేస్తున్నావో అదే" అంది మెర్లీన్. "ఓవర్‌టైము పీకేశారన్నావు?"

"బేరాల్లేవన్నావు?"

"ఏం చేశావు ఆ డబ్బంతా? ముందు అది చెప్పు!"

మా దీవిలోని గూయావ్‌లో తమ్ముడితో కలిసి చేపల పడవ కొన్నాడట. ఆవిడ అదే ఊళ్ళో, కొండ మీద, తన ఒక్కదాని పేరున నాలుగు సెంట్ల నేల కొంది. పిల్లులు రెండూ కళ్ళు మూసుకుని ఒకే గిన్నెలో పాలు తాగాయి. పావుగంట అరుచుకున్నారు. ఓడెట్ రొట్టె కోసి పెడుతూ తీర్పులు చెప్పింది. చివరికి మెర్లీన్, "పడవ పేరేంటి?" అని అడిగింది. ఆల్బన్ తల దించుకుని, "నీ పేరే" అన్నాడు. ఆవిడ ఇంకో రెండు తిట్లు తిట్టి, సంతకం పెట్టడానికి పెన్ను అడిగింది. పడవకి తన పేరు పెట్టినందుకు సంతోషమో, తనకి చెప్పకుండా పెట్టినందుకు కోపమో ఆవిడకే తెలియాలి.

నోటరీ కావాలి. ఊరికి సామాన్లు పంపే పీపాల కొట్టు మిస్టర్ కడోర్‌కి నోటరీ ముద్ర ఉంది. ఫోన్ చేస్తే దీవిలో పెళ్ళికి వెళ్ళే మనిషిలా సూటు వేసుకుని వచ్చాడు. ఒక్కొక్కరి గుర్తింపు కార్డు చూసి, ప్రమాణం చేయించి, పది కాగితాల మీద ముద్రలు కొట్టాడు. తర్వాత ముద్ర జేబులో వేసుకుని, గొంతు సవరించుకుని, "నాది నేను కొట్టుకోకూడదు. చట్టం. నోస్ట్రాండ్‌లో ఇంకో నోటరీ ఉన్నాడు, వెళ్ళొస్తా" అన్నాడు.

"నువ్వు కూడానా కడోర్!" అంది మిస్ క్లోటిల్డా.

"నా కొట్టులో మొదటి లారీ లోడు పీపాలు ఎవరి చీటీతో వచ్చాయనుకున్నావు?"

పదకొండు అయ్యాయి. పన్నెండోది రాలేదు. ఎవరూ అడగలేదు, నేనూ అనలేదు. ఆ అమ్మాయి ఎందుకు రాదో ఆ గదిలో అందరికీ తెలుసు. ప్రభుత్వం ఆఫీసులో పేరు రాయాలంటే మా పేటలో కాగితాలు లేనివాళ్ళకి ఈ రోజుల్లో ఎంత భయమో చెప్పక్కర్లేదు.

సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్ళి పదకొండని చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నది.

"ఆ పిల్ల జోలికి పోకు" అంది.

"పోనమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

గడువు రోజు ఆఫీసుకి నేనొక్కదాన్నే వెళదామనుకున్నాను. బస్‌స్టాపులో చూద్దును కదా, పదకొండు మందీ నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు ఈస్టరు టోపీలు పెట్టుకున్నారు, జనవరి చలిలో. అందరం ఒకే బస్సెక్కాం. నడిపేది మా డిపో కుర్రాడే. మమ్మల్ని చూసి, "ఎవరి పెళ్ళి వెర్లినక్కా?" అన్నాడు.

"మా అమ్మది" అంది ఓడెట్.

మిసెస్ క్వింటానా గది తలుపు తెరిచే ఉంచింది, ఎందుకంటే మూసే వీల్లేదు. కాగితాలు ఒక్కొక్కటీ స్టేట్‌మెంట్ల పక్కన పెట్టి, తేదీ తేదీకి పెన్సిలుతో గీత కొట్టుకుంటూ వెళ్ళింది. ఎవరైనా దగ్గితే మిగతావాళ్ళు కోపంగా చూశారు. చివరికి ఆవిడ కళ్ళద్దాలు తీసింది.

"యాభై అయిదు నెలలు తేలాయి. ఐదు మిగిలాయి. ప్రతి ఏడూ ఆఖరి వంతు. మొన్న, అర్జీ పెట్టాక, నువ్వు తీసినదాంతో కలిపి."

"తెలుసండీ."

"ఎవరు ఆ మనిషి?"

ఆ అమ్మాయి మొహం నాకు తెలుసు. హోమ్ గేటు దగ్గర రెండు సాయంత్రాలు కాపు కాస్తే దొరుకుతుంది. కాళ్ళు పట్టుకుంటే కాదనదు కూడా. కానీ ఒట్టేశాను. ఒట్టు వెయ్యకపోయినా పోయేదాన్ని కాదనుకుంటాను.

"ఆ ఒక్క కాగితం లేదు" అన్నాను. "దానికెంత పడుతుంది?"

"ఇరవై నాలుగు వేలు. దాదాపు రెండు నెలల ఖర్చు మీ మీద పడుతుంది."

"సరే. నా రిటైర్మెంటు డబ్బు మీద అప్పు తీసుకుని కట్టుకుంటాను. రాసెయ్యండి."

వెనక ఓడెట్ ఏదో అనబోతే మిస్ క్లోటిల్డా ఆమె చెయ్యి నొక్కింది. మిసెస్ క్వింటానా ఆ ఐదు నెలలనీ దానం కింద ఒప్పుకుంటున్నానని రాసి ఉన్న కాగితం తీసి నా ముందు పెట్టింది. పెన్ను అందుకున్నాను. దానం అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. అంత కష్టపడి, చివరికి అబద్ధం మీద సంతకం పెట్టబోతున్నాను కదా.

అప్పుడు గుమ్మంలో టోపీలు కదిలాయి. దారి ఇచ్చారు. లేత నీలం యూనిఫాం.

"నేను ఆఖరి వంతు" అంది ఆ అమ్మాయి. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. "ఐదేళ్ళూ ఆఖరి వంతు నాదే."

"నువ్వు రానక్కర్లేదు తల్లీ" అన్నాను నేను లేచి. "నిజంగా అక్కర్లేదు. అమ్మ కూడా వద్దంది."

"తెలుసు. మిస్ ఈనిడ్ నన్ను చంపేస్తుంది." నవ్వబోయింది, రాలేదు. "ఆవిడ ఒంటిచేత్తో మంచంలో పడి ఉండి కూడా నా డబ్బు నాకు పంపించింది. నేను రెండు కాళ్ళ మీద నిలబడ్డదాన్ని, నా పేరు నేను చెప్పుకోలేనా?" మిసెస్ క్వింటానా వైపు తిరిగింది. "నా దగ్గర ఊరి పాస్‌పోర్టు ఒక్కటే ఉంది. అది చాలదంటే చెప్పండి."

మిసెస్ క్వింటానా పాస్‌పోర్టు తీసుకుని ఫొటో చూసింది, మనిషిని చూసింది. ఆ గదిలో పదమూడు మందిమి ఆవిడ మొహమే చూస్తున్నాం.

"పేరు జోసాన్ అలెక్సిస్" అని చదివింది. "నెలకి నాలుగు వందలు కట్టావు, ఏడాదికోసారి నాలుగువేల ఎనిమిది వందలు తీసుకున్నావు. అంతేనా?"

"అంతే."

"నాకు కావాల్సిందీ అంతే. ఇంకేమీ అక్కర్లేదు. మీలో నోటరీ ఎవరో ఉన్నారుగా?"

మిస్టర్ కడోర్ అప్పటికే ముద్ర తీసి చేతిలో పట్టుకున్నాడు. అది కాగితం మీద పడిన చప్పుడు నేను బతికున్నంతకాలం మర్చిపోను. నా ముందున్న ఒప్పుకోలు కాగితాన్ని మిసెస్ క్వింటానా వెనక్కి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. మెర్లీన్ ఆల్బన్ని కౌగిలించుకుంది. పళ్ళాయన గట్టిగా ప్రార్థన మొదలుపెడితే కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. నేను ఏడ్చాను. సిగ్గేముంది, బస్సులో కూర్చుని మా స్టాపు దాకా ఏడుస్తూనే ఉన్నాను.

రెండు వారాలకి మంజూరు కాగితం వచ్చింది. ఆ ఆదివారం చర్చి అవగానే అందరం హోమ్‌కి వెళ్ళాం. భోజనాల గదిలో కుర్చీలు చాలలేదు. నలభై ఏళ్ళలో తన చీటీ మనుషుల్ని అమ్మ ఒక్కచోట చూడడం అదే మొదటిసారి. ఒక్కొక్కరి మొహం మీదుగా చూపు తిప్పుకుంటూ వచ్చి, జోసాన్ దగ్గర ఆపింది.

"నిన్నెవరు రమ్మన్నారే?"

"ఎవరూ అనలేదు మిస్ ఈనిడ్."

"బుద్ధి లేదా నీకు? ఏదన్నా అయ్యుంటే?"

"లేదు మిస్ ఈనిడ్."

"ఇలా రా." జోసాన్ వంగితే, పనిచేసే చేత్తో ఆ పిల్ల చెంప పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

లెస్టర్ కూడా వచ్చాడు మేరీలాండ్ నుంచి. నా చేతిలో కాగితం లాక్కుని, "నేను చదువుతా" అని గట్టిగా చదివాడు. హోమ్ ఖర్చు చేరిన రోజు నుంచీ పూర్తిగా మంజూరు. దాని కింద ఇంకో వరస ఉంది. "ఈనిడ్ టెలెస్‌ఫర్డ్ ఐదేళ్ళలో ఇతరులకి ఊరికే ఇచ్చినది: ఏమీ లేదు."

ఓడెట్ ముందు నవ్వింది. తర్వాత ఆల్బన్. దుకాణం పొయ్యీ, కాలేజీ చదువూ, పడవా, కొండ మీద నేలా, పన్నెండు జీవితాలూ ఆ గదిలో కూర్చుని పగలబడి నవ్వాయి. పక్క బల్లల మీది ముసలివాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వారు.

"మళ్ళీ చదువు" అంది అమ్మ. లెస్టర్ మళ్ళీ చదివాడు.

"అచ్చంగా నిజం" అంది. "నేనెవరికీ ఏమీ ఇవ్వలా. ఎవరిది వాళ్ళకిచ్చా."

ఆ తర్వాత, కొబ్బరిరొట్టె ఎవరు తెచ్చారో తనకి ఒక ముక్క కోసిపెట్టమంది.